అమ్మని ట్రయల్‌లో చేర్పించమన్నారు: సంతకానికి ముందు, తర్వాత చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది: అమ్మగారికి 58 ఏళ్లు, ఉండేది గుంటూరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి, అంటే కీళ్లవాతానికి, మెథోట్రెక్సేట్ వారానికి 20 మి.గ్రా. వేసుకుంటున్నా వేళ్ల వాపు తగ్గట్లేదు. విజయవాడలో చూపిస్తున్న డాక్టరుగారు కొత్త ఇంజెక్షన్ ట్రయల్ నడుస్తోందని చెప్పి 24 పేజీల కాగితాలు చేతిలో పెట్టారు. అమ్మ మీద ప్రయోగం చేస్తారా, ఉత్తుత్తి మందు ఇస్తే ఎలా, డబ్బులు మనమే కట్టాలా అని మీ సందేహాలు. మూడింటికీ జవాబు ఆ 24 పేజీల్లోనే ఉంటుంది. ఎక్కడ వెతకాలో చెప్తాను.

ప్రయోగమే. అబ్బే, అలాంటిదేం కాదండీ అని ఎవరైనా తేలిగ్గా కొట్టిపారేస్తే అక్కడ జాగ్రత్తపడండి. మామూలు వైద్యంలో డాక్టరుగారు అమ్మగారిని చూసి డోసు పెంచుతారు, పడకపోతే మందు మారుస్తారు. ట్రయల్‌లో ఏ మందు, ఎంత, ఏ రోజు, ఏ పరీక్ష అన్నది ప్రోటోకాల్‌లో ముందే రాసి ఉంటుంది. దాన్ని డాక్టరుగారు కూడా తన ఇష్టానికి మార్చలేరు. ఈవిడకి తగ్గుతుందా అని కాకుండా, ఇలాంటి జబ్బు ఉన్నవాళ్లలో ఈ మందు పనిచేస్తుందా అని అక్కడ చూస్తారు. అమ్మగారికి మేలు జరగొచ్చు, జరగకపోవచ్చు. అది తెలిసి చేరినవాళ్లు మధ్యలో గొడవపడటం తక్కువ.

కాగితం మొదటి పేజీలో ఏ దశో రాసి ఉంటుంది, చూడండి. మొదటి దశలో కొన్ని పదుల మందికి ఇచ్చి శరీరం ఎంత డోసు తట్టుకుంటుందో చూస్తారు. రెండో దశలో వంద నుంచి కొన్ని వందల మంది రోగులు ఉంటారు. అసలు పనిచేస్తోందా, ఏ డోసు సరిపోతుంది అన్నది అక్కడ తేలుతుంది. మూడో దశలో వందల నుంచి వేల మంది మీద, ఇప్పుడున్న మందుతోనో ప్లాసిబోతోనో పోలుస్తారు. అమ్మకానికి వచ్చాక చేసేది నాలుగోది. విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో రోగులని అడిగేవి ఎక్కువగా మూడో దశవే. రెండో దశ అయితే వద్దని కాదు, కాకపోతే ఆ మందు గురించి తెలిసింది ఇంకా తక్కువే అని గుర్తుపెట్టుకుని ప్రశ్నలు ఎక్కువ వేయాలి.

ఇక ఉత్తుత్తి మందు, అంటే ప్లాసిబో. అది ఎందుకంటే, కోవాక్సిన్ మూడో దశ లెక్క తీసుకోండి. 25,798 మందిని చేర్చి ఇంచుమించు సగం మందికి టీకా, సగం మందికి ప్లాసిబో వేశారు. లక్షణాలతో కోవిడ్ వచ్చినవాళ్లు టీకా గుంపులో 24 మంది, ప్లాసిబో గుంపులో 106 మంది. 77.8 శాతం సామర్థ్యం అన్నది ఈ రెండు అంకెల నుంచి వచ్చింది. ఆ 106 లేకపోతే 24 అన్నది మంచిదో చెడ్డదో చెప్పే దారే లేదు. కీళ్లజబ్బులో ఇది మరీ అవసరం. దానంతట అదే కొన్నాళ్లు తగ్గి, మళ్లీ తిరగబెట్టడం ఈ జబ్బు స్వభావం. పైగా కొత్త ఇంజెక్షన్ వేశారన్న నమ్మకంతోనే కొందరికి నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది.

అయితే అమ్మగారి విషయంలో ప్లాసిబో అంటే వైద్యం ఆపేయడం కాదు. ఇలాంటి ట్రయల్స్‌లో దాదాపు ఎప్పుడూ మెథోట్రెక్సేట్ అందరికీ నడుస్తూనే ఉంటుంది. దాని మీద కొందరికి అసలు ఇంజెక్షన్, కొందరికి ప్లాసిబో. కాగితంలో మూడు సంగతులు వెతకండి. ఒకటి, నిష్పత్తి: 1:1 అని ఉంటే సగం సగం, 2:1 అయితే ముగ్గురిలో ఇద్దరికి అసలు మందు. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ తేలుస్తుంది, డాక్టరుగారి సిఫార్సు అక్కడ పనిచేయదు. రెండు, ప్లాసిబో ఎన్ని వారాలు. మూడు, తగ్గకపోతే ఏం చేస్తారు. చాలా ప్రోటోకాల్స్‌లో 12, 14 లేదా 16వ వారంలో లెక్క చూసి, వాపున్న కీళ్లు తగినంత తగ్గనివాళ్లని వేరే చికిత్సకో అసలు మందుకో మారుస్తారు. దీన్ని రెస్క్యూ అంటారు. అమ్మగారికిచ్చిన కాగితంలో రెస్క్యూ మాటే లేకుండా 24 వారాలు ప్లాసిబో అని ఉంటే, కారణం చెప్పించుకోకుండా సంతకం పెట్టకండి.

ఇంకో అవకాశం కూడా ఉంది. పేటెంటు అయిపోయిన ఇంజెక్షన్‌కి మన కంపెనీ చేసిన బయోసిమిలర్‌ని, అంటే దాన్ని పోలిన మందుని, అసలుదానితో పోల్చే ట్రయల్ కావచ్చు. అదైతే రెండువైపులా పనిచేసే మందే, ప్లాసిబో ఉండదు. ఈ ఒక్క ప్రశ్నతో సగం భయం పోవచ్చు, కాబట్టి ముందు ఇదే అడగండి.

ట్రయల్ అసలుదేనా అని తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. మన దేశంలో ట్రయల్స్ అన్నీ సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. నంబరు సీటీఆర్‌ఐ, సంవత్సరం, నెల, ఆ తర్వాత ఆరంకెలు అన్న వరసలో ఉంటుంది. ఆ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి, సైట్ల (ట్రయల్ నడిచే ఆసుపత్రుల) జాబితాలో మీ ఆసుపత్రి పేరు, డాక్టరుగారి పేరు ఉన్నాయా, రోగుల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా, దేశంలో మందులకి అనుమతులిచ్చే అధికారి డీసీజీఐ అనుమతి సంగతి ఏం రాశారు, చేర్చుకోవడం ఇంకా నడుస్తోందా చూడండి. ఆసుపత్రి పేరు అందులో లేకపోతే ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌ని సూటిగా అడగండి. ఈమధ్యే సైట్‌ని కలిపి ఉండొచ్చు, అప్పుడు అనుమతి పత్రం చూపిస్తారు. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

ఎథిక్స్ కమిటీ అంటే ఆసుపత్రివాళ్లే సంతకాలు పెట్టుకునే బృందం అనుకుంటారు చాలామంది. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో కనీసం సగం మందికి ఆ సంస్థతో సంబంధం ఉండకూడదు, ఛైర్మన్ బయటివారై ఉండాలి. వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరు, న్యాయం తెలిసినవారు ఒకరు ఉండాలి. ఆసుపత్రికి సొంత కమిటీ లేకపోతే అదే ఊళ్లోనో 50 కిలోమీటర్ల లోపో ఉన్న ఇంకో కమిటీ చూడొచ్చు. అందుకే గుంటూరులో సైటు, విజయవాడలో కమిటీ అని కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. కమిటీ ఫోన్ నంబరు కాగితం చివర్లో ఉంటుంది. ఆ నంబరుకి రోగులు చేయొచ్చు, చేయాలి కూడా. చేసేవాళ్లు చాలా తక్కువ.

ఇప్పుడు అసలు కాగితం. సమ్మతి పత్రం విషయంలో మన ప్రాంతానికి చేదు చరిత్ర ఉంది. 2011లో అప్పటి గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలని హైదరాబాద్ తీసుకెళ్లి మందుల పరీక్షల్లో చేర్చారని, ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో వాళ్లకి తెలియదని పెద్ద గొడవైంది. అంతకు ముందు ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో గిరిజన బాలికల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. దాన్ని 2010లో ఆపేశారు. ఆ బాలికల్లో కొందరి మరణాలకి టీకా కారణమని తేలలేదు. సమ్మతి తీసుకున్న తీరు మాత్రం తప్పేనని పార్లమెంటరీ సంఘం 2013లో తప్పుబట్టింది. ఇవాళ్టి నియమాలు కఠినంగా ఉండటానికి ఇలాంటివి కూడా కారణం. కొత్త అణువుల ట్రయల్స్‌లో నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్ల సమ్మతిని వీడియో తీయాలన్నది కూడా అలా వచ్చిందే. కెమెరా పెడితే భయపడకండి. అది మీకు రక్షణ.

తెలుగు ప్రతి అడగండి, ఇంగ్లీషు కాగితం మీద తెలుగులో చెప్తాం అంటే ఒప్పుకోవద్దు. ప్రతి పేజీ కింద వెర్షన్ నంబరు, తేదీ ఉంటాయి. 24 పేజీల్లోనూ అది ఒకటే ఉండాలి, పాత వెర్షన్ పేజీ ఒకటి కలిసిపోవడం తరచూ జరిగే పొరపాటు. అమ్మగారు చదవలేకపోతే ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి చివరిదాకా పక్కనే ఉండి సంతకం చేయాలి. వార్డు నర్సుని పిలిచి సంతకం పెట్టిస్తే అది చెల్లదు. తేదీ అమ్మగారే తన చేత్తో వేయాలి. నామినీ పేరు, చిరునామా, బంధుత్వం, వార్షికాదాయం అడిగే గళ్లు ఉంటాయి. అవి ఖాళీగా వదలకండి, పరిహారం దగ్గర పనికొచ్చేవి అవే. సంతకాలయ్యాక ఒక పూర్తి ప్రతి మీకివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం: సంతకానికి ముందు ట్రయల్ కోసం ఒక్క చుక్క రక్తం కూడా తీయకూడదు. ముందు రక్తం తీసేద్దాం, కాగితాలు తర్వాత చూద్దాం అన్నారంటే ఆ సైటు పద్ధతి బాగోలేదని అర్థం. ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రెండు రోజుల్లో చెప్తాం అనే హక్కు మీకుంది. కాదని తొందరపెట్టేవాళ్ల దగ్గర అసలు చేరకండి.

సంతకమయ్యాక స్క్రీనింగ్, అంటే అమ్మగారు ట్రయల్‌కి సరిపోతారా అని చూసే పరీక్షలు. దీనికి మామూలుగా నాలుగు వారాల గడువు ఉంటుంది. నాలుగైదు ట్యూబుల రక్తం, అంటే 20–30 మి.లీ. తీస్తారు. రక్తదానంలో ఇచ్చే 350 మి.లీ.తో పోలిస్తే ఇదెంత! వాపున్న కీళ్లు, నొక్కితే నొప్పి ఉన్న కీళ్లు లెక్కపెడతారు, సాధారణంగా రెండూ ఆరేసి అయినా ఉండాలంటారు. కాలేయం, కిడ్నీ, హెపటైటిస్ బి, సి చూస్తారు. మన దగ్గర ఎక్కువమంది ఆగిపోయేది క్షయ పరీక్ష దగ్గర. రోగనిరోధక శక్తిని అణిచే ఇంజెక్షన్లు ఒంట్లో నిద్రపోతున్న క్షయని లేపుతాయి, అందుకే ఛాతీ ఎక్స్‌రేతో పాటు రక్తపరీక్ష కూడా చేస్తారు. పాజిటివ్ వస్తే క్షయ జబ్బు ఉందని కాదు, క్రిమి లోపల ఉందని. కొన్ని ప్రోటోకాల్స్ అక్కడితో వద్దంటాయి, కొన్ని ఐసోనియాజిడ్ మొదలుపెట్టి నెల తర్వాత చేర్చుకుంటాయి. ఐసోనియాజిడ్, మెథోట్రెక్సేట్ రెండూ కాలేయం మీద భారమే కాబట్టి అప్పుడు కాలేయ పరీక్షలు తప్పనిసరి. స్క్రీన్ ఫెయిల్ అయితే అది అమ్మగారి తప్పూ కాదు, అవమానమూ కాదు. ఆ రిపోర్టులు మాత్రం అడిగి తెచ్చుకోండి, బయట చేయిస్తే బోలెడు ఖర్చు.

చేరాక ఎక్కువ తప్పులు జరిగేది ఇంటి దగ్గరే. మొదటిది ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్. రాత్రి మోకాలు పోటెత్తుతుంది, పక్కవీధి ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తాడు. అందులో నొప్పిమందుతో పాటు స్టెరాయిడ్ కలిసి ఉండటం మామూలే. నాలుగో రోజు విజిట్‌కి వెళ్తే కీళ్ల వాపు దిగిపోయి ఉంటుంది. లెక్కలో కొత్త మందు బ్రహ్మాండంగా పనిచేసినట్టు పడుతుంది. ఇటు అమ్మగారికి ఇన్‌ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. పొరపాటున వేయించుకుంటే దాచకండి, సీసా ఖాళీదైనా తీసుకెళ్లి చూపించండి. డీవియేషన్ (నియమం తప్పడం) అని రాసుకుంటారు, కోప్పడరు. ఆయుర్వేద లేహ్యాలు, నాటుమందులు, ఎవరో ఇచ్చిన కీళ్లపొడి, ఇవన్నీ చెప్పాల్సినవే. కీళ్లపొడుల్లో స్టెరాయిడ్ కలిపేవాళ్లు ఉన్నారు.

రెండోది తేదీ. ప్రతి విజిట్‌కీ విండో ఉంటుంది, మామూలుగా మూడు రోజులు అటూ ఇటూ. సంక్రాంతికి ఊరెళ్లాం, మిర్చి కోతలు పడ్డాయి అంటే డోసు పోతుంది. ఏడాది తేదీలన్నీ మొదటి రోజే రాయించుకుని క్యాలెండరు మీద గుండ్రాలు చుట్టండి. దసరా రోజుల్లో, ముఖ్యంగా మూలానక్షత్రం నాడు, విజిట్ పడితే ముందే మార్పించుకోండి. ఆ రద్దీలో బస్టాండు నుంచి బయటపడటమే గగనం, అందులో పరగడుపున రావాల్సిన పెద్దావిడ. ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి, టికెట్లు పారేయకండి.

మూడోది మందు. ఇంటి దగ్గర వేసుకునే ఇంజెక్షన్ ఇస్తే దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో విజయవాడ నుంచి గుంటూరు బస్సులో గంటకు పైనే పడుతుంది, కూల్ బ్యాగ్ లేకుండా తేకండి. ఐస్ ప్యాక్‌ని పలచని గుడ్డలో చుట్టి పెట్టాలి, సిరంజి నేరుగా ఐసుకి తగిలి గడ్డకడితే ఆ మందు పాడవుతుంది, మళ్లీ కరిగాక చూపుకి తేడా తెలియదు. ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టండి, తలుపులో వద్దు, ఫ్రీజర్ కిందా వద్దు. కరెంటు పోతే తలుపు తీయకుండా పోయిన టైమూ వచ్చిన టైమూ రాసుకుని ఫోన్ చేయండి. వాడొచ్చో లేదో వాళ్లు చెప్తారు. వేసుకునే ముందు అరగంట బయట ఉంచితే మంట తక్కువ. వేడినీళ్లలో ముంచడాలు వద్దు. వాడిన సిరంజిలు, ఖాళీ అట్టపెట్టెలు అన్నీ డబ్బాలో వేసి తిరిగి ఇవ్వాలి, లెక్క సరిపోవాలి. ఇంకొకటి: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. కొత్త మందుల హడావుడిలో దాన్ని రోజూ వేసుకోవడం మొదలుపెడితే ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో స్ట్రిప్పు మీదే పెన్నుతో రాసిపెట్టండి.

కీళ్లు లెక్కపెట్టే డాక్టరు తరచూ వేరేవారు ఉంటారు. ఆయనకి రక్తపరీక్షల ఫలితాలు కూడా చూపించరు, అమ్మగారు ఏ గుంపులో ఉన్నారో తెలిసిపోకుండా. సూది వేసినచోట ఎర్రబడిందండీ, నాకు అసలు మందే పడినట్టుంది అని ఆయనతో అనకండి. ఎర్రబడిన సంగతి కోఆర్డినేటర్‌కి చెప్పండి.

ఇక ఆపద మాట. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, కారణం ఏదైనా సరే, బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో తగిలి పడ్డా సరే, అది తీవ్ర ప్రతికూల సంఘటన కిందే లెక్క. డాక్టరుగారు తనకి తెలిసిన 24 గంటల్లో డీసీజీఐకి, స్పాన్సర్‌కి (ట్రయల్ చేయించే కంపెనీకి), ఎథిక్స్ కమిటీకి తెలపాలి. అందుకే మీరు ఆలస్యం చేయకూడదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్లు పచ్చబడటం, ఇవేవీ తర్వాత విజిట్ దాకా ఆగేవి కావు. ట్రయల్ వల్ల జరిగింది కాదని తేలేదాకా వైద్యం ఖర్చు స్పాన్సర్‌దే. ప్రస్తుతానికి ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు మీద వేద్దాం, తర్వాత చూసుకుందాం అన్నారంటే ఒప్పుకోకండి.

ట్రయల్ వల్లే ప్రాణం పోయినప్పుడు పరిహారానికి లెక్క ఉంది. 8 లక్షల మూల మొత్తాన్ని వయసు గుణకంతో, జబ్బు తీవ్రత గుణకంతో హెచ్చించి 99.37తో భాగిస్తారు. 58 ఏళ్లకి వయసు గుణకం 124.70. తీవ్రత గుణకం అతి తీవ్ర స్థితిలో ఉన్నవాళ్లకి 0.5 దగ్గర మొదలై, ఏ ప్రమాదమూ లేనివాళ్లకి 4 దాకా వెళ్తుంది. 2 వేసుకుంటే సుమారు 20 లక్షలు, 3 అయితే 30 లక్షలు. నామినీ గడి ఎందుకు ముఖ్యమన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

డబ్బుల సంగతి: ట్రయల్ మందుకి, ట్రయల్ పరీక్షలకి పైసా కట్టక్కర్లేదు. మెథోట్రెక్సేట్ ఎవరిస్తారో అడగండి, అది ప్రోటోకాల్‌ని బట్టి మారుతుంది. బీపీ, షుగరు మందులు మీవే. ఎవరైనా ట్రయల్‌లో చేరినందుకు వేలు ఇస్తామంటే అది బహుశా రోగుల ట్రయల్ కాదు, రెండు కంపెనీల మందు ఒంట్లో ఒకేలా చేరుతుందా అని ఆరోగ్యవంతుల మీద చేసే బయోఈక్వివలెన్స్ పరీక్ష. ఆ పేరుతో మన కుర్రాళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతున్నారు, మధ్యలో ఉండాల్సిన మూణ్ణెల్ల విరామం కూడా పాటించకుండా. అది వేరే కథ.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ట్రయల్ అయిపోయాక మందు ఇస్తారా? నిబంధనల్లో ఉచితంగా కొనసాగించే వీలుంది, కానీ వేరే చికిత్స లేనప్పుడు, డాక్టరు సిఫార్సు చేసి కమిటీ ఒప్పుకుంటేనే. కీళ్లవాతానికి బయట వేరే మందులు ఉన్నాయి కాబట్టి ఆ నిబంధన మీద ఆశ పెట్టుకోకండి. బదులుగా, ఆఖర్లో అందరికీ అసలు మందు ఇచ్చే పొడిగింపు ఉందా, ఎన్ని వారాలు అన్నది ఇప్పుడే రాతలో చూపించమనండి. మందు బాగా పనిచేసి 52వ వారంలో ఆగిపోతే, తర్వాత నెలనెలా ఎంత ఖర్చవుతుందో కూడా అడగండి.

మధ్యలో మానేయాలనిపిస్తే కారణం చెప్పక్కర్లేదు, వైద్యం ఆపుతామని ఎవరూ బెదిరించకూడదు. ఆఖరి డోసు తర్వాత ఒకసారి భద్రత పరీక్షకి మాత్రం వెళ్లండి, అది అమ్మగారి మంచికే. అప్పటిదాకా రాసుకున్న వివరాలు మాత్రం వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఈసారి వెళ్లేటప్పుడు అమ్మగారు వాడే అన్ని మందుల స్ట్రిప్పులు, పొడులతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లండి. పేర్లు చెప్తే ఏదో ఒకటి మర్చిపోతారు. చేరితే ట్రయల్ కార్డు ఒకటి ఇస్తారు. అందులో 24 గంటల నంబరుకి ఆసుపత్రి బయటికి రాగానే ఒకసారి చేసి చూడండి. ఎవరూ ఎత్తకపోతే అప్పుడే వెనక్కి వెళ్లి చెప్పండి. ఎత్తితే ఆ కార్డు అమ్మగారి పర్సులో ఆధార్ పక్కన పెట్టి, ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోండి.